ఎర్ర అక్షరాల గడువు

2003 మార్చిలో, అమెరికా దక్షిణాదిన ఒక కౌంటీ ఆసుపత్రిలో నన్ను నవజాత శిశువుల వార్డుకు మెడికల్ డైరెక్టరుగా వేశారు. హోదా పెద్దదే గానీ, రౌండ్లు పోగా మిగిలేదంతా కమిటీలూ కాగితాలూ. రెండో వారంలోనే ఒక కాగితం పని నెత్తిన పడింది.

మా దగ్గర పుట్టే పిల్లల్లో చాలామందికి మెడికెయిడ్ ఉండేది. అది తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. మగపిల్లలకు పుట్టిన ఒకటి రెండు రోజుల్లో చేసే సున్తీకి అంతదాకా అదే డబ్బు కట్టేది. అక్కడ మతంతో నిమిత్తం లేకుండా ఎంతోమంది చేయిస్తారు. వైద్యపరంగా తప్పనిసరి కాదు కాబట్టి జూలై ఒకటి నుంచి కట్టబోమని మా రాష్ట్రం ప్రకటించింది. తల్లిదండ్రులకు అర్థమయ్యేలా కరపత్రం రాయమని నాకు చెప్పారు. లాభాలు, ప్రమాదాలు, చేయించకపోతే ఏమిటి, అన్నీ ఒక్క పేజీలో సర్దాను. నెత్తిన ఎర్రటి పెద్ద అక్షరాలతో గడువు తేదీ వేయించి, ముచ్చటగా ఉందని నాకు నేనే మురిసిపోయాను.

జూన్‌లో సున్తీ కావాలనేవాళ్ళు ఒక్కసారిగా పెరిగారు. తల్లిదండ్రులు కరపత్రం శ్రద్ధగా చదువుతున్నారని కమిటీలో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆ నెల చివరి వారం ఒక పొద్దున నా జాబితాలో తెలుగు పేరు కనబడింది. తండ్రి శ్రీకాంత్ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టరు. ప్రాజెక్టు అయిపోయి, ఇంకోటి దొరికేదాకా బెంచ్ మీద ఉండటంతో ఆఫీసు బీమా పోయి, బిడ్డకు మెడికెయిడ్ వచ్చింది. తల్లి పేరు మాధవి. పురిటికి సాయంగా ఆమె తల్లి గుంటూరు నుంచి వచ్చి ఉంది. అంగీకార పత్రం మీద శ్రీకాంత్ సంతకం అప్పటికే పడింది, పరికరాల ట్రే కూడా సిద్ధంగా ఉంది.

మా వార్డులో ఒక పద్ధతి ఉండేది. సంతకం అయినా సరే, ఏం చేయబోతున్నామో, ఎందుకో తల్లిదండ్రుల చేత వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పించాలి. దాన్ని టీచ్‌బ్యాక్ అంటాం. మామూలుగా నర్సులే చెప్పించి టిక్కు పెట్టేవారు. మనవాళ్ళు కదా అని ఈసారి నేనే అడిగాను.

"సింపుల్ ఆంటీ, జూన్ థర్టీయత్ లోపల అయితే ఇన్సూరెన్స్ కవర్ చేస్తుంది. తర్వాత మన జేబులోంచే. అందుకే ఇవాళే బుక్ చేశాం" అన్నాడు శ్రీకాంత్.

అసలు ఎందుకు చేయిస్తున్నారన్నాను.

"ఇన్నాళ్ళూ గవర్నమెంటే పే చేసిందంటే మంచిదేగా? ఇదిగో, మీ పేపర్‌లోనే ఉంది" అంటూ కరపత్రం తీసి ఎర్ర అక్షరాలు చూపించాడు.

ప్రమాదాలేమిటంటే మళ్ళీ కరపత్రంలో వెతకబోయాడు. మాధవి ఆ కాగితం చూడనే లేదట. ఏం చేస్తారమ్మా పిల్లాడికి అని పెద్దావిడ అడిగితే, చిన్న ప్రొసీజర్ అత్తయ్యా అని అల్లుడు తేల్చేయబోయాడు. సున్తీ అని నేను చెప్పాను. ఆవిడ అల్లుడి వైపు తిరిగింది.

"ఇదేమన్నా ఆషాఢం డిస్కౌంటా నాయనా, అయిపోతుందని పరిగెత్తడానికి!"

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే సిగ్గుపడ్డాను. ఆ తగ్గింపు బోర్డు రాసిపెట్టింది నేనే మరి.

కుర్చీ లాక్కుని మొదటి నుంచీ చెప్పాను. చేయిస్తే మొదటి ఏడాది మూత్రంలో ఇన్ఫెక్షన్లు వచ్చే అవకాశం కొంత తగ్గుతుంది, పెద్దయ్యాక కొన్ని జబ్బుల విషయంలోనూ మేలుంది. అరుదుగా రక్తస్రావం, ఇన్ఫెక్షన్ రావచ్చు. చేయించకపోయినా మామూలు శుభ్రతతో పిల్లలు ఆరోగ్యంగా పెరుగుతారు. ఒకసారి చేశాక మాత్రం వెనక్కి తీసుకోలేం. మీరైతే ఏం చేస్తారమ్మా అని పెద్దావిడ నిలదీసింది. సొంత అభిప్రాయం చెప్పకూడదన్నది మా నియమం. అది మీరే తేల్చుకోవాలమ్మా అన్నాను.

మాధవి అప్పుడు నోరు విప్పింది. "అంటే తొందరేం లేదన్నమాట. అయితే ఇప్పుడొద్దు ఆంటీ."

రేపు స్కూల్‌లో వీడొక్కడే తేడాగా ఉంటే ఎలా అని శ్రీకాంత్ గొణిగాడు. "అప్పుడు వాణ్ణే అడుగుదాంలే" అంది మాధవి. శ్రీకాంత్ తలగోక్కుని, నా పెన్ను అడిగి తీసుకుని, తన సంతకం తానే కొట్టేశాడు. ట్రే వెనక్కి పంపించాను.

మర్నాడు ఒక అమెరికన్ తండ్రిని కూడా నేనే కూర్చోబెట్టి అడిగాను. లాభనష్టాలు గడగడా అప్పజెప్పి, చేయమన్నాడు. నిశ్చింతగా చేశాను.

కమిటీలో నా గొప్పలు వెనక్కి తీసుకుని కరపత్రం తిరగరాశాను. ప్రభుత్వం డబ్బు కట్టడం గానీ మానేయడం గానీ వైద్య సలహా కాదన్నది అందులో మొదటి వాక్యం. టీచ్‌బ్యాక్ వినకుండా ట్రే ముట్టుకోకూడదన్నది నాకు నేను పెట్టుకున్న నియమం. రిటైరయ్యేదాకా దాన్ని తప్పలేదు. ఆ జూన్‌లో నర్సు పెట్టిన టిక్కు చూసి నేను సున్తీ చేసిన మిగతా పిల్లల తల్లిదండ్రుల్లో, ఎంతమంది నా ఎర్ర అక్షరాలు చూసి సంతకం పెట్టారో మాత్రం నాకు తెలియదు. వాళ్ళను నేను అడగలేదు.