మైకులో మా అమ్మ

పగ పట్టకూడదని మా కాలేజీ క్రైస్తవ ఫెలోషిప్‌లో ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కే లేదు. ప్రతిదానికీ ఆమెన్ అన్నాను. కానీ నలుగురి ముందు నోరు విప్పలేని నన్ను లీడర్ని చేసింది మాత్రం పగే. సాక్ష్యం చెప్పమంటే దేవుడే చేశాడని చెప్తాను. ఆయన నా పగని వాడుకున్నాడేమో, ఆ సంగతి ఆయన్నే అడగాలి.

మాది విజయనగరం వైపు పల్లె. నాన్న ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తాడు, గాజువాకలో అద్దె ఇంట్లో ఉంటాం. ఇంట్లో దేవుడి గూట్లో దీపం పెట్టేది అమ్మే. నేను కాలేజీలో ప్రేయర్‌కి వెళ్తానంటే, "ఏ దేవుడైతే ఏటి, బుద్ధిగా ఉండు" అని ఊరుకుంది. నేను ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఉండగా అమ్మకి నిద్ర పట్టడం మానేసింది. తిండి సయించేది కాదు. పొయ్యి దగ్గర నిలబడి ఊరికే ఏడ్చేది. నాన్న సీతమ్మధారలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. వీధిలో మాత్రం పంటి డాక్టరని చెప్పుకున్నాం. మందులు పడ్డాక మెల్లగా మనిషైంది. మళ్లీ చేపల పులుసు పెట్టింది, మళ్లీ నన్ను తిట్టడం మొదలెట్టింది. ఆ తిట్లు వింటుంటే నాకూ నాన్నకీ ప్రాణం లేచొచ్చేది.

అప్పుడు మా ఫెలోషిప్ లీడరు ఒక ఫైనలియర్ సీనియరు. అందరం అన్నా అనేవాళ్లం. గిటారు బాగా వాయించేవాడు, ప్రార్థన ఇంకా బాగా చేసేవాడు. మధ్యాహ్నం కూటం అయ్యాక ఒక్కొక్కరినీ పలకరించి, "ప్రార్థన అంశాలేమైనా ఉన్నాయా చెల్లీ?" అని అడిగేవాడు. మనసులో ఉన్న కష్టం చెప్పుకోవాలి, దాని కోసం వాళ్లు ప్రార్థన చేస్తారు. అది మా పద్ధతి. ఎంత ఎక్కువమంది చేస్తే అంత బలమని కూడా మా వాళ్ల నమ్మకం. నా ఖర్మ కొద్దీ ఆ రెండో ముక్క నాకప్పటికి తెలీదు. "అన్నా, మీ ఒక్కరికే చెప్తున్నాను" అని అమ్మ సంగతంతా చెప్పేశాను.

శనివారం అన్ని కాలేజీల వాళ్లూ కలిసే పెద్ద మీటింగు. హాలు నిండిపోయింది. అన్న మైకు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, గాజువాక నుంచి వచ్చే మా చెల్లి తల్లి మతిస్థిమితం కోల్పోయి పిచ్చి డాక్టర్ల చుట్టూ తిరుగుతోంది. ఆ తల్లిని ముట్టి బాగుచేయండి తండ్రీ!" అన్నాడు. మతిస్థిమితమట! నిద్ర పట్టని మనిషిని పట్టుకుని పిచ్చిదాన్ని చేసి పారేశాడు. హాలంతా ఆమెన్ అంది. ఎవరో జాలిగా నా తల నిమిరారు. మా వీధి చివరింటి అమ్మాయి సరిగ్గా నా వెనక వరసలో కూర్చుని ఉంది.

సోమవారానికల్లా కబురు మా వీధి కుళాయి దగ్గరికి చేరింది. "ఏటొదినా, పిచ్చి డాక్టరు కాడికెల్తన్నావంట? మాకు సెప్పనేదేటి?" అని ఒకావిడ అందరి ముందూ అడిగింది. అమ్మ బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. మాత్రలన్నీ తీసి మురిక్కాలవలో పారేసింది. "ఇంక నానెక్కడికీ రాను. నన్ను బతికుండగానే సంపీసినావు గుంటా" అంది నాతో. మైకులో అన్నవాడితో కాదు, నాతో. ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లోనే ఉంది.

మర్నాడే వెళ్లి అన్నని నిలదీశాను. చిరునవ్వు నవ్వాడు. "నేను ప్రార్థనే కదా చేసింది చెల్లీ. ఈ కోపం నీది కాదు, సాతాను పెడుతున్నాడు" అన్నాడు. నా ఒళ్లు భగ్గుమంది. నీ మైకు లాక్కోకపోతే నా పేరు మార్చుకుంటానని ఆ క్షణమే అనుకున్నాను.

అక్కణ్ణుంచి నేను ఎదిగిందంతా ఆ మైకు కోసమే. మేడ మీద ఆరేసిన దుప్పట్లకి ప్రసంగాలు చెప్పాను. గొంతు పోయేదాకా పాటలు నేర్చుకున్నాను. హాస్టల్లో జూనియర్లకి జ్వరమొస్తే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి పక్కనే కూర్చున్నాను. దాచేదేముంది, మొదట్లో అదంతా వాళ్లు నా వైపు ఉండాలనే. పోనుపోను వాళ్లు చెప్పుకునే కష్టాలు వింటూ నిజంగానే ఏడ్చాను. ఫైనలియర్లో నన్నే లీడర్ని చేశారు. అప్పటికి అన్న చదువైపోయిందని వెళ్లిపోయాడు.

నేను పెట్టిన మొదటి కట్టుబాటు ఒకటే: మనిషిని అడగకుండా ఎవరి అంశమూ మైకులో ఎత్తకూడదు. ఫెలోషిప్‌ని చూసుకునే పెద్దాయనకి, మేము అంకుల్ అంటాం, అది నచ్చలేదు. "పదిమంది ప్రార్థిస్తే బలం కదమ్మా" అన్నారు. "దేవుడికి చెవుడు లేదు కదంకుల్" అన్నాను. నవ్వేసి సరేనన్నారు. ఇంట్లో మాత్రం అమ్మ అలాగే ఉంది. కొన్నాళ్లు లేచి తిరిగేది, కొన్నాళ్లు గోడ వైపు తిరిగి పడుకునేది. డాక్టరు పేరెత్తితే నాన్న మీద విరుచుకుపడేది.

అలాంటప్పుడు అన్న మళ్లీ వచ్చాడు, ఫెలోషిప్ పనిలోనే పూర్తికాల సేవకుడిగా చేరతానని. అలా చేరేవాళ్ల గురించి కాలేజీ లీడరు శనివారం మీటింగులో నిలబడి, ఈ సోదరుడు నమ్మదగినవాడని సాక్ష్యమివ్వాలి. అంటే నేనివ్వాలి! ఆ శనివారం మధ్యాహ్నం క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించాడు. "ఒక ప్రార్థన అంశం చెల్లీ, నీ ఒక్కదానికే. నాకింకా పాసవ్వాల్సిన పేపర్లు మిగిలిపోయాయి. పాసయ్యానని ఇంట్లో చెప్పాను. పోర్టులో తనతో పనిచేసేవాళ్లందరికీ స్వీట్లు పంచాడు మా నాన్న." మా అమ్మకి చేసింది అతనికి గుర్తున్నట్టే లేదు. దొరికావురా అనుకున్నాను. "తప్పకుండా ప్రార్థన చేస్తానన్నా" అన్నాను పైకి.

సాయంత్రం మీటింగుకి వాళ్ల అమ్మానాన్నా కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. అంకుల్ నా చేతికి మైకిచ్చారు. ‘ప్రభువా, పరీక్షలు తప్పి కన్నతండ్రిని మోసం చేస్తున్న మా అన్నని ముట్టండి’ అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఇన్నాళ్లూ ఎదురుచూసింది దీని కోసమే. అప్పుడు మా జూనియర్ ఒకమ్మాయి కనబడింది. కన్నతల్లికి కూడా చెప్పుకోలేని మాట ఆ వారమే నాకు చెప్పుకుంది. నా నోటి వంకే చూస్తోంది. ఇతని గుట్టు ఇప్పుడు నా నోట్లోంచి జారితే, ఆ పిల్లకి ఈ రాత్రి నిద్ర పట్టదు. వచ్చిన తుమ్ముని ఆపుకున్నట్టు ఆ మాట మింగేశాను.

అలాగని వదిలేస్తానా? "నేనివాళ సాక్ష్యం ఇవ్వలేను. ఈ అన్న మా వీధికొచ్చి మా అమ్మకి చెప్పాల్సిన మాట ఒకటుంది. ఏ మాటో అన్నకి తెలుసు. అది అయ్యాకే నా సాక్ష్యం" అన్నాను. వాళ్ల నాన్న వెనక్కి తిరిగి కొడుకు మొహంలోకి చూశాడు. అన్నకి చెమటలు పట్టాయి. నాకైతే కడుపు నిండిపోయింది.

సోమవారం పొద్దున్నే వచ్చాడు. మా ఇంటి ఎదురుగా కుళాయి దగ్గర ఆడవాళ్లంతా బిందెలతో నిలబడి ఉన్నారు. అక్కడే ఆపాను.

"ఇక్కడే సెప్పన్నా. మైకులో సెప్పినంత గట్టిగా సెప్పు."

"ఇంట్లోకెళ్లి చెప్తాను చెల్లీ, ప్లీజ్."

"మా యమ్మ సంగతి నువ్వు ఇంట్లో సెప్పినావేటి?"

అతను తల దించుకున్నాడు. "ఈ చెల్లి నమ్మి చెప్పిన మాట నేను మైకులో చెప్పాను. వాళ్లమ్మగారికి పిచ్చి లేదు. నిద్ర పట్టక డాక్టరు దగ్గరికెళ్లారు. తప్పు నాది" అన్నాడు. వినబళ్లేదన్నాను. గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. ఇంకోసారి కూడా చెప్పించేదాన్నే, ఇంతలో మా తలుపు తెరుచుకుంది.

అమ్మ నలిగిన చీరతోనే వీధిలోకొచ్చింది. ఆమెను చూసి అన్న కంగారుపడ్డాడు. ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని ఆమె తల మీదికి చెయ్యి చాపాడు. "అమ్మా, మీ కోసం ప్రార్థన..." అన్నాడు.

అమ్మ తల పక్కకి తీసుకుంది. "ప్రార్థనొద్దు బాబూ, సేసినకాడికి సాలు. బేగెల్లి ఆటో పిలు. డాక్టరు కాడికెల్లాల" అంది, కుళాయి దగ్గరున్న వాళ్లందరికీ వినబడేలా.

అన్న రోడ్డు వైపు పరిగెత్తాడు.