గెస్ట్‌గా వచ్చిన గోల్‌కీపర్

మూడేళ్లుగా ఇది ఎవరికీ చెప్పలేదు. పేరు చెప్పను. మీరు నన్ను ఎరగరు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అమెరికాలో, డాలస్ పక్కనున్న కాపెల్‌లో మా తెలుగువాళ్లకి ఆదివారాల ఫుట్‌బాల్ లీగ్ ఉంది. దానికో రూల్. టీమ్ ఖర్చంతా ఆటగాళ్లు వేసుకున్న చందాల్లోంచే రావాలి. బయటివాళ్లు బూట్లిచ్చినా భోజనం పెట్టినా తప్పే, దొరికితే టీమ్ అవుట్. డబ్బున్నవాడు కప్పు కొనుక్కోకూడదని పెట్టారట. వినడానికి ఎంత బాగుందో!

మాది ఉద్యోగస్తుల టీమ్. మాకో ఇళ్లు అమ్మిపెట్టే రియల్టర్ అంకుల్ ఉన్నాడు. ఆస్టిన్ నుంచి మంచి గోల్‌కీపర్‌ని రప్పించి, సీజన్ అంతా తన ఇంట్లో గది, తిరగడానికి కారు ఇచ్చాడు. కమిటీవాళ్లు అడిగితే, "మా ఇంటికొచ్చిన గెస్టండీ, గెస్ట్‌కి కూడా బిల్లేస్తారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎమ్మెస్ చదివే కుర్రాళ్ల టీమ్ ఒకటి ఉండేది. కెప్టెన్ నవీన్, వరంగల్ వాడు, వేరే టీమైనా నన్ను అన్నా అనే పిలిచేవాడు. లీగ్ మ్యాచ్‌లో అరిగిపోయిన బూట్లతోనే మమ్మల్ని చితక్కొట్టారు. సెమీఫైనల్లో మాకు మళ్లీ వాళ్లే. ఆ వారం నవీన్ నాకో ఫొటో పంపాడు. ప్రాక్టీస్ అయ్యాక రెస్టారెంట్ ఆంటీ ఒకావిడ వాళ్లకి ఊరికే బిర్యానీ వడ్డిస్తోంది. తీసింది వాడి రూమ్మేట్ శ్రావణ్. "చూడన్నా, మా స్పాన్సర్!" అని కింద జోకు.

దాన్ని ఇంకో నంబర్ నుంచి కమిటీకి పంపాను. రూల్ మీద గౌరవంతోనా? ఛీ. ఓడిపోయిన మంట, అంతే.

కమిటీ వాళ్ల టీమ్‌ని తీసేసిన రోజు నవీన్ ఫోన్ చేశాడు.

"అన్నా, తిన్న తిండి గూడ ఖర్చేనా? మరి మీ గోల్‌కీపర్ గాలి తిని బతుకుతుండా?"

"రూల్ అంటే రూలే రా. నేనేం చేస్తాను?"

"ఆ ఫొటో శ్రావణ్‌గాడే పంపిండన్నా. టీమ్‌ల ఆడనియ్యలేదని కోపం వానికి. ఇయ్యాలే రూమ్ ఖాళీ చేయిస్తున్న."

ఫొటో నాకూ వచ్చిందన్న సంగతి వాడికి తట్టనే లేదు. నేను అన్నని కదా. ఒక్కమాట అంటే ఆగిపోయేది. అనలేదు. శ్రావణ్ సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. వాళ్లిద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు. మేం కప్పు గెలిచాం.

ఇప్పుడు యూరప్‌లో ఏ పెద్ద క్లబ్బో లాయర్లని పెట్టుకుని ఖర్చుల రూల్ తప్పించుకుంటే, అదే రూల్ కింద ఏ చిన్న క్లబ్బుకో పాయింట్లు కోస్తే, ఫోన్‌లో పేజీలకు పేజీలు తిడతాను. లైకులొస్తాయి. రూలే దరిద్రమైనదని మూడేళ్లుగా వాదిస్తున్నాను. అవును, దరిద్రమైనదే, పళ్లెంలో మెతుకులు లెక్కపెట్టి, ఇంట్లో గదిని వదిలేసే రూల్ అది. కానీ ఆ ఫొటో పంపమని రూల్ నాకు చెప్పిందా? ఫోన్లో నా నోరు మూసింది రూలా?

శ్రావణ్ ఏ తప్పూ చేయలేదు. పంపింది నేను. నవీన్‌కి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు, క్షమించమని మిమ్మల్నీ అడగను. ఈ రెండు ముక్కలు రాశాక మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడుతున్నందుకూ నామీద నాకే రోత.