డ్రిల్లు సారు గాలి గొట్టం

మా డ్రిల్లు సారు పోయారని సోమవారం పొద్దున తాడిపత్రి నుంచి ఫోను వచ్చింది. బస్సెక్కాక ఏడుపు ఆగలేదు. పక్కసీటావిడ "పోయినాయన ఏమవుతాడమ్మా నీకు?" అని అడిగితే, "చుట్టం కాదు, మా డ్రిల్లు సారు" అన్నాను.

మా బళ్లో ఆడపిల్లల చేత టెన్నిస్ ఆడించింది ఆయనే. బండల పాలిష్ ఫ్యాక్టరీలు పారబోసిన రాతిపొడితో కోర్టు గీతలు గీసేవారు. బంతులేమో అనంతపురం క్లబ్బులో పెద్దవాళ్లు ఆడి పారేసినవి. సంచీలో వేసుకుని బస్సులో తెచ్చేవారు. వాటిలో గాలి ఎప్పుడో పోయింది. నేలకేస్తే మోకాలి దాకా కూడా లేచేవి కావు. బంతి అంటే అంతే కాబోలనుకున్నాం.

తొమ్మిదో తరగతిలో నన్ను జిల్లా సెలక్షన్లకు తీసుకెళ్లారు. అక్కడ కొత్త బంతి. నా భుజం మీదికి లేచింది! నేను కొట్టినవన్నీ గీత దాటిపోయాయి. ఒక్క గేమూ గెలవలేదు. తిరుగు బస్సులో సారు సంచీలోంచి ఒక పాత బంతి తీసి నొక్కి చూశారు.

"తప్పు నీది గాదు పాపా. సచ్చిన బంతులతో ఆడిచ్చింది నేను," అన్నారు.

ఆ వారమే ఇంట్లో ప్రయోగాలు మొదలుపెట్టారు. ప్లాస్టిక్ గొట్టంలో బంతులు పేర్చి, మూతలు బిగించి, కాలితో తొక్కే పంపుతో గాలి కొట్టారు. మూత ఢామ్మని ఎగిరి పక్కింటి రేకుల మీద పడింది.

"ఏమప్పా సారూ, టపాకాయలు కాలుస్తాండావా?" అని పక్కింటాయన కేక.

తర్వాత లోపలి గాలి ఒత్తిడి చూపే మీటరుతో సహా ఇనుప గొట్టం చేయించారు. "సూదితో పొడిస్తే బొక్క పడతాది. సుట్టూ గాలి కుక్కిపెడితే అదే నిదానంగా లోపలికి పోతాది," అనేవారు. రెండు వారాలు ఆగాలి. తొందరపడి మూత మీద చెయ్యేస్తే ఒక్కటిచ్చేవారు. ఆట అయ్యాక బంతులు మళ్లీ గొట్టంలోకే. బయటికి తీసిన బంతి నడుము దాకా లేస్తే ఆయన మొహం చూడాలి!

మరుసటేడు సెలక్షన్లలో రెండు మ్యాచ్‌లు గెలిచి మూడోది ఓడాను. నేనేడుస్తుంటే సారు నవ్వారు. "ఈతూరి ఓడింది నువ్వే, బంతులు గాదు. దీన్ని మనం దిద్దుకోవచ్చు." అప్పటిదాకా నన్ను ఎవరూ అంత లెక్కలోకి తీసుకోలేదు.

నేను సారింటికి చేరేసరికి అన్నీ అయిపోయాయి. వసారాలో చుట్టాలు కూర్చున్నారు. సారు భార్య మాత్రం గొట్టం ముందు వంగి మీటరు చూస్తున్నారు.

"ఆదివారం పిల్లోళ్లకు సెలక్షన్లు ఉండాయి పాపా. బంతులు శనివారం తియ్యల్ల. ముల్లు దిగిపోయింది సూడు."

"ఇప్పుడెందుకక్కా అదంతా?" అందొక చుట్టం.

సారు భార్య కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని, గోడకు చెయ్యి ఆనించి, పంపు తొక్కడం మొదలుపెట్టారు. మీటరులో ముల్లు కదిలింది.