చేతికివ్వని పార

ఎస్తేర్ పోయిందని ఆమె కొడుకు ఆలన్ ఫోన్ చేసేసరికి మేము మిషిగన్‌లోని నోవైలో ఉంటున్నాం. ఎనభైల మొదట్లో మాట, జనవరి నెల. అంతకుముందు చికాగోలో మేం అద్దెకున్న ఇల్లు ఆమెదే. నా మొదటి కాన్పుకి అమ్మ రాలేకపోతే, మోకాళ్ళ నొప్పులతో రోజూ మెట్లెక్కి వచ్చి నాకు సూప్ తాగించిన మనిషి. యూదులు ఆలస్యం చేయరు, మర్నాడు పదకొండింటికే ఖననం అన్నాడు ఆలన్. ఆమె మీద పిడికెడు మట్టి వేయాలని నాకు ఒకటే ఆరాటం.

"ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు కదే," అన్నారు మావారు.

"అక్కడ వెళ్తారట. మీరు డ్రైవ్ చేస్తారా, నన్ను బస్సెక్కిస్తారా?"

ఆయన కారు తాళాలు వెతుక్కున్నారు.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి ఐ-94 హైవే ఎక్కాం. మామూలుగా ఐదు గంటల దారి, మంచు వల్ల ఆరు పట్టింది. ట్యాంకు నింపితే పదిహేను డాలర్లైంది. "లేక్ పక్కన మంచుకి రోడ్డు కనబడదు, మెల్లగా పోండి," అన్నాడు గ్యాస్ స్టేషన్ అతను. చికాగో టైము మిషిగన్ కంటే గంట వెనక కాబట్టి సరిపోయింది, లేకపోతే గోవిందా!

దారంతా ఉప్పు సంగతే గుర్తొచ్చింది. ఒకసారి ఆమె ఉప్పు అడిగితే సీసా బల్ల మీద పెట్టాను. "నా మీద కోపమా?" అని పాపం మొహం చిన్నబుచ్చుకుంది. ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయంటారు మావైపు అని చెప్తే పడీపడీ నవ్వింది.

శ్మశానంలో పట్టుమని పదిహేనుమంది లేరు. "పోయినవాళ్ళు మనకు తిరిగి ఏమీ చేయలేరు. అందుకే వాళ్ళకి చేసేదే నిజమైన దయ," అన్నాడు వాళ్ళ గురువు, రబ్బీ. నాకు ఏడుపు ఆగలేదు. ఒక్కొక్కరే పార తిరగేసి, వెనకవైపుతో మట్టి వేస్తున్నారు. తొందరగా సాగనంపినట్టు ఉండకూడదట.

ఆలన్ తర్వాత వంతు నాది. ఏడుపులో, పార ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా మారుతోందో గమనించలేదు, చెయ్యి చాపాను. అతను నన్ను చూసి కూడా పారను మట్టిలో గుచ్చి పక్కకు తప్పుకున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. పరాయిదాన్ని, పైగా ఆడదాన్ని, ఇంతదూరం ఎందుకొచ్చానురా దేవుడా అనుకుంటూ వెనక్కి తగ్గాను.

"తీసుకోండి లలితా," అన్నాడు ఆలన్. "ఒకరి దుఃఖం ఇంకొకరికి అందించకూడదని మేం పార చేతికివ్వం. మీ ఉప్పులాగే. అమ్మ ఆ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది."

మట్టి గడ్డకట్టుకుపోయి ఉంది. కన్నీళ్ళకి కళ్ళు కనబడకపోయినా పార తిరగేసి వేశాను.

గేటు దగ్గర చేతులు కడుక్కుని తిరుగుదారి పట్టాం. ఆమె రుణం తీరిందన్న తృప్తి నాకు కలగలేదు, అది తీరేదీ కాదు. ఆ ఉప్పు కథ చెప్పుకుని నవ్వే మనిషి ఇక లేదన్న దిగులు ఇన్నేళ్ళైనా పోలేదు.

అలాంటి చోటికి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. పూలు వద్దు, వాళ్ళకి ఆ ఆచారం లేదు. మంచుకు ఆగే బూట్లు వేసుకోండి. పార మీ చేతికి ఎవరూ ఇవ్వరు. వంగి మీరే తీసుకోండి.