తొమ్మిది ముద్దల సేపు

మేడమీది వాటాకు రంగులు వేయిస్తున్నాం. నిన్న పొద్దున పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని పైకి వెళ్ళి, తలుపు దగ్గర ఆగి, అలవాటుకొద్దీ మూడుసార్లు దగ్గాను. నిచ్చెన మీదున్న పెయింటరు తొంగిచూసి, "ఏమక్కా, ఇల్లు ఖాళీగానే ఉండాది గదా, ఎవురికోసరం దగ్గుతా ఉండావు?" అన్నాడు. జలుబు చేసిందప్పా అని తప్పించుకున్నాను. అసలు సంగతి చెప్పడం మొదలుపెడితే అతని చేతిలో బ్రష్షు ఎండిపోయేది.

ఆ వాటాలో మూడేళ్ళు ఒక కొరియా అమ్మాయి ఉండేది. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. దొడ్డబళ్ళాపురం దోవలో ఏదో కార్ఖానాలో పెద్ద ఉద్యోగం. ఇల్లు చూడ్డానికి వచ్చినరోజు వరండాలో కూర్చున్న మా అత్తమ్మ, "ఏం మతమో అడగవే" అని నన్ను మోచేత్తో పొడిచింది. అడిగాను. ఆ అమ్మాయి వేళ్ళు మడుస్తూ చెప్పింది. తల్లి చర్చికి పోతుందట, తాత బుద్ధుడి గుడికి పోయేవాడట, తాను ఎక్కడికీ పోదట. "ఇంట్లో మాత్రం అందరం కన్ఫ్యూషియస్ మనుషులమే" అంది ఇంగ్లీషులో. ఆ చైనా గురువు పేరు నేను బడిలో చదివి, పరీక్ష కాగానే మరిచిపోయినది. ఇంట్లో ఆయన పటం పెట్టి మొక్కుతారా అంటే, పటమూ లేదు, పూజా లేదు అంది. ఎవరికి ముందు వంగాలి, ఎవరు ముందు తినాలి, పోయినవాళ్ళకు ఎవరు అన్నం పెట్టాలి, ఇవి మాత్రం రెండున్నర వేల ఏళ్ళ కిందట ఆయన చెప్పినట్టే జరుగుతున్నాయట. నేను తెలుగులో చెప్పగానే అత్తమ్మ, "అట్లయితే మన మాదిరే. వచ్చి చేరమను" అని తేల్చేసింది.

చేరిన వారానికి భోజనానికి పిలిచాం. సంగటి, కోడిపులుసు, చారు. ఆ అమ్మాయి విస్తరి ముందు బుద్ధిగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అత్తమ్మ వైపే చూస్తోంది. అత్తమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఆ అమ్మాయి వైపే చూస్తోంది. మా అత్తమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇంటిల్లిపాదీ తిన్నాకే తినే మనిషి. అతిథి ముద్ద ఎత్తకముందు ఆమె కూర్చోవడమన్నది కల్లో మాట. వాళ్ళ దేశంలోనేమో ఇంట్లో పెద్దవాళ్ళు ముద్ద ఎత్తకముందు చిన్నవాళ్ళు విస్తట్లో చెయ్యి పెట్టరట. ఆ సంగతి మాకెలా తెలుస్తుంది? సంగటి చల్లారిపోయింది. మావారు మొహమాటంగా దగ్గారు. చివరికి అత్తమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మన కూడు ఆ పిల్లకు సయించలేదే" అని గొణిగింది. నేను భయపడుతూ అడిగితే అసలు సంగతి బయటపడింది. విని అత్తమ్మ గరిటె కింద పెట్టేసింది. "నన్ను ముందు తినమనేదానికి ఈ ఇంట్లో ఇన్నేండ్లకు ఒక మనిషొచ్చిందే!" అని, నిలబడే చిటికెడు సంగటి నోట్లో వేసుకుంది. ఆనాటి నుంచి ఆ అమ్మాయి ఆమెను అవ్వా అనే పిలిచేది.

ఇక్కడ నా గోడు కొంత చెప్పాలి. మా ఇంట్లో మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టుకుంటాం. పటాలు వరుసగా పెట్టి, ముందు విస్తళ్ళు వేసి, వాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డించి, తలుపు మూసి కొంచెంసేపు బయట నిలబడతాం. లోపల వాళ్ళు తిని పోతారని నమ్మకం. మా నాన్నకు నేనొక్కతినే సంతానం. ఆయన పోయాక మా చిన్నాన్న కొడుకులు రెండేళ్ళు పెట్టి మానేశారు. మూడో ఏడు నేను నాన్న పటం తెచ్చి, ఆ వరుసలో చివరన పెట్టుకుంటానని అత్తమ్మను అడిగాను. "కూతురు పెడితే చెల్లదు. వేరే ఇంటి పెద్దలు మన పెద్దల పంక్తిలో కూసోరు" అంది. మావారు నేల చూపులు చూశారు. పటాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టేశాను. ఆ తర్వాత పదహారు మహాలయ అమావాస్యలకు నేను ఎవరెవరికో వడ్డించాను.

ఆ అమ్మాయి వచ్చిన రెండో ఏడు ఒక సాయంత్రం కిందికి దిగివచ్చి, అత్తమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తండ్రి పోయి ఏడాది కావస్తోందట. వాళ్ళ ఇంట్లో ఆడపిల్లలు రెండురోజులు నిలబడి వండి, మొక్కే వేళకు వంటింట్లోకి తప్పుకోవాలి. తనకు అన్నదమ్ములు లేరు గనక అన్నం పెట్టవలసిన పెదనాన్న కొడుకు ఈసారి తీరికలేదన్నాడట. "నేనే పెట్టుకుంటాను. కానీ ఇది మీ పెద్దల ఇల్లు. అవ్వ ఒప్పుకోకుండా మా నాన్నను ఈ గడప దాటించకూడదు" అంది. మళ్ళీ తానే, "కూతురి చేత్తో పెడితే వస్తాడో రాడో కూడా తెలియదు" అంది. ఆ చివరి మాటను నేను అత్తమ్మకు తెలుగులో రెండుసార్లు చెప్పాను.

అత్తమ్మ వక్క కొరికి దవడకు పెట్టుకుంది. తర్వాత, "కూతురు పెడితే రాకుండా యాడికి పోతాడు? పెట్టుకోమను" అంది. కూతురు పెడితే చెల్లదని నాతో అన్న నోరే అది. ఆ పూట నేను అన్నం తినలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు కూడా.

వాళ్ళ నాన్న పోయి ఏడాది నిండిన రోజు సాయంత్రం అత్తమ్మా నేనూ పైకి వెళ్ళాం. బల్ల మీద తండ్రి ఫొటో, అన్నం, పులుసు, చేప, పండ్లు. కారం, వెల్లుల్లి ఏమీ లేవు, పోయినవాళ్ళకు పడవట. ఆ అమ్మాయి నేల మీదికి వంగి వంగి మొక్కింది. అన్నంలో చెంచా నిలువుగా గుచ్చి మమ్మల్ని బయటికి తీసుకొచ్చి తలుపు మూసింది. తొమ్మిది ముద్దలు తినేంత సేపు ఆగాలట, ఆ తర్వాత మూడుసార్లు దగ్గి లోపలికి పోవాలట. తింటున్న పెద్దాయన ఉలిక్కిపడకూడదు కదా.

మెట్ల మీద నిలబడ్డాం. ఆ అమ్మాయి పెదవులు కదులుతున్నాయి, ముద్దలు లెక్కపెట్టుకుంటోంది. అత్తమ్మ మూసిన తలుపు వైపే చూస్తూ, నా వైపు తిరగకుండా అడిగింది.

"మీ నాయన పటం యాడుండాదే?"

"బీరువాలో. చీరల కింద."

"ఇన్నేండ్లూ?"

ఊ అన్నాను. "తప్పు నాదే" అంది అత్తమ్మ. "వొచ్చే అమాసకు బయటికి తియ్. ఏమేం తినేవాడో చెప్పు, నేనే వండుతా." అంతలో ఆ అమ్మాయి మూడుసార్లు దగ్గి తలుపు తీసింది. నేను మెట్ల మీదే కూర్చుండిపోయి ఏడ్చాను. నేను ఏడుస్తున్నది తన తండ్రి కోసమేననుకుని, ఆ అమ్మాయి వచ్చి నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆమె అనుకున్నదాన్ని నేనూ కాదనలేదు.

ఆ అమావాస్యకు నాన్న పంక్తిలో కూర్చున్నాడు, చివర్న కాదు, మా మామగారి పటం పక్కనే. అత్తమ్మ ఆయన కోసం వంకాయ పులుసు చేసింది. తలుపు తీసే ముందు నా వీపు మీద తట్టి, "నువ్వు దగ్గు. మీ నాయనకు నీ గొంతు తెలియాల" అంది.

కొరియా అమ్మాయి తన దేశం వెళ్ళిపోయింది. వెళ్ళేముందు కిందికి వచ్చి అత్తమ్మ పటానికి కూడా నేలకు వంగి మొక్కింది. అప్పటికి అత్తమ్మ పోయి మూడు నెలలు. ఇప్పుడు అమావాస్యనాడు ఆ వరుసలో మొదటి విస్తరి అత్తమ్మకే వేస్తున్నాను. బతికున్నన్నాళ్ళూ అందరికన్నా వెనక తిన్న మనిషి. తలుపు మూసి బయట నిలబడి ఆమెకని ఒక్కొక్క ముద్దే లెక్కపెడతాను. తొమ్మిదికి తలుపు తీయబుద్ధి కాదు. ఇన్నేళ్ళు ఆకలితో ఆగిన మనిషి కదా, ఇంకొంచెం సేపు తిననీ అని పదో ముద్ద కూడా లెక్కపెట్టి, అప్పుడు దగ్గుతాను.