జతకు తగిన సైజు

లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆవిడ ఎడమ రొమ్మును క్యాన్సరుకు సమర్పించుకున్నప్పటి నుంచీ లావుపాటి నిఘంటువొకటి ఆ వైపున హత్తుకునే తిరుగుతుంది. పాఠకులు అది భాషాభిమానమనుకుంటారు. తెలిసినవాళ్ళ చూపు మాత్రం ముందు అక్కడికే వెళ్ళి, తర్వాత జాలిగా మొహానికొస్తుంది. ఆ జాలి మోసీ మోసీ అలిసిపోయి, చివరికి ఇంప్లాంటుకి ఒప్పుకుంది.

డాక్టరమ్మ బల్లమీద సిలికాన్ నమూనాలు పరిచి, సైజంటే ఎంత పెద్దదో, ప్రొఫైలంటే ఎంత ముందుకి పొడుచుకొస్తుందో బహు గంభీరంగా విన్నవించింది. తోడొచ్చిన అక్క అన్నిటికన్నా ఎత్తయినది చేతిలోకి తీసుకుంది. "ఇది పెట్టించుకోవే! ఎలాగూ కోత తప్పదు, కాస్త ఠీవిగానైనా ఉండనీ."

"అప్పుడు రెండోది దీనికి తల్లిలా ఉంటుందక్కా."

"పోనీ, దాన్ని కూడా పైకెత్తేద్దామా?" అంది డాక్టరమ్మ.

"దాని జోలికెళ్ళకండి. నా వయసే దానికీను. వాలింది, వాలనివ్వండి."

ఆవిడ కాస్త పల్చటి నమూనా ఒకటి ఏరి, లోపల సర్దుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, నిఘంటువు లేకుండా వట్టి చేతులతో, బయట జనం కూర్చున్న హాల్లోకెళ్ళి నిలబడింది. ఎవరూ తలెత్తలేదు. వెనకనుంచి ఒక పెద్దాయన మాత్రం కసిరాడు: "ఏమ్మా, టీవీకి అడ్డంగా అలా గోడలా నిలబడితే ఎలా? తప్పుకో!"

జబ్బు చేసిన తర్వాత ఆవిడని ఒక మనిషి కసురుకోవడం అదే మొదలు. ఆవిడ తప్పుకుని, లోపలికొచ్చి, "ఇదే ఖాయం చెయ్యండి" అంది.