కీవర్డుల చివర ఎవరో రాసిన మాట

నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, నా కళ్లతో చూసింది. కంప్యూటర్లు బాగుచేసి బతికేవాణ్ణి నేను. స్క్రీన్ నల్లబడితే దయ్యం అనను... ర్యామ్ తీసి, తుడిచి, మళ్లీ పెడతాను. అలాంటి నాకు ఆ రాత్రి చిక్కడపల్లిలో చేతులు చల్లబడ్డాయి. ఒట్టు.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోవాలి, లేకపోతే మీకు సంగతి అందదు. నారాయణగూడలో నాది చిన్న సర్వీసు షాపు. ఇరవై ఏళ్లుగా నాకొక పిచ్చి ఉంది. కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది కదా, మేం ఓఎస్ అంటాం. కొత్తది రాగానే జనం పాత సీడీలు పారేస్తారు. నేను ఏరుకొస్తాను. కోఠిలో ఫుట్‌పాత్ మీద కూడా వెతికాను. అన్నింటినీ ఒక పెద్ద డిస్కులోకి ఎక్కించి, ఒక్కోదానికి ఒక చిన్న చీటీ ఫైలు రాసి పెడతాను. పేరు, సైజు, ఏ సంవత్సరంది... కింద కీవర్డులు. రేపు వెతికితే దొరకాలి కదా! ‘ఫుల్’, ‘బూటబుల్’, ‘కోఠి సీడీ’, ‘గీతలు పడ్డది’. అన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే. ఎందుకంటే నాకు తెలుగు టైపింగ్ రాదు. ఒక్క ముక్క రాదు.

పక్క షాపుల వాళ్లు నన్ను ఆటపట్టించేవారు. "ఏందన్నా, సచ్చినోళ్లకు ఆధార్ కార్డులు చేస్తున్నవా?" అని. నవ్వుకోనీ అనేవాణ్ణి.

ఆ రాత్రి షట్టర్ దించుతుంటే ఫోన్. అందాలక్క.

అందాలక్కది పాలమూరు వైపు. అమ్మానాన్నలు బిల్డింగ్ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అక్క తెలుగు టైపింగ్ నేర్చుకుంది, ఆ తర్వాత వందలమందికి నేర్పింది. చిక్కడపల్లిలో ఒక గల్లీ చివర మేడమీద గది. అశోక్‌నగర్ కోచింగుల నోట్సులన్నీ ఒకప్పుడు ఆమె చేతి మీదుగానే పోయేవి. ఎవరెవరివో పుస్తకాలు టైపు కొట్టీ కొట్టీ, చివరికి తనదొకటి మొదలుపెట్టింది. రాంనగర్ బస్తీల్లో పాలమూరు కూలీల దగ్గర కూర్చుని, వాళ్ల నోట పలికే మాటలన్నీ అర్థాలతో సహా ఎక్కించింది. ఇరవై ఏళ్ల పని అది.

"యాదగిరీ, నా మిషన్ లేస్తలేదు. జర వస్తవా?"

"పొద్దుగాల వస్త అక్క."

"పొద్దుగాలదాంక నాకు నిద్ర పడ్తదా?"

ఆ గొంతు విన్నాక ఇంటికి ఎలా వెళ్తాను? ల్యాప్‌టాప్, నా పెద్ద డిస్కు, ఖాళీ సీడీలు సంచిలో వేసుకుని బండి తిప్పాను.

మిషన్ ఆన్ చేశాను. టిక్... టిక్... అంటోంది లోపల డిస్కు. ఆ శబ్దం మాలాంటివాళ్లకు తెలుసు, దానికి రోజులు దగ్గరపడ్డాయని.

"అక్కా, ఇంకో కాపీ ఉన్నదా?"

"ఇదే అసలు, ఇదే కాపీ."

నాకు కోపం వచ్చింది. ఇరవై ఏళ్ల పని ఒక్క డిస్కులో పెట్టుకుంటారా ఎవరైనా! ఆమె ముఖం చూసి మింగేశాను. డిస్కు తీసి నా ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే, అన్నీ అర్థం కాని ముక్కలు. మళ్లీ మిషన్‌లోనే బిగించి ఆన్ చేసి పెట్టాను. ఎప్పుడో డిస్కు నిండిపోయిందని ఒక మెకానిక్ లోపలున్నదంతా కుదించి పెట్టాడట. దాన్ని విప్పడం అప్పటి ఓఎస్‌కు మాత్రమే తెలుసు. అదే వెర్షన్ దొరికితే పైన వేసి లేపవచ్చు. కాస్త తేడా ఉన్నది వేశామా... విప్పదు, తుడిచేస్తుంది. ఈ సంగతి ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"అయితే అదే వెర్షన్ తియ్యి," అంది. అంత తేలిక ఆమెకు.

నా డిస్కులో వెతికాను. పదకొండు వచ్చాయి! ఒకే పేరు. సైజులో పిసరంత తేడా. ఒక్కో చీటీ తెరిచి కీవర్డులు చదవడం మొదలుపెట్టాను. మొదటిది... ‘ఫుల్’, ‘కోఠి సీడీ’. చివర ఏదో చెత్త, నాలుగు ఇంగ్లిషు అక్షరాలు. కె, ఇ, ఓ, జి. వేలు జారి పడి ఉంటాయిలే అనుకున్నాను. రెండోదాని చివరా అవే. మూడోదాని చివరా అవే. నాదే ఏదో పాత గుర్తు అయి ఉంటుంది, మరిచిపోయాను అనుకున్నాను. నాకు నేనే సర్దిచెప్పుకున్నాను చూడండి!

నాలుగోది చూడగానే ప్రాణం లేచొచ్చింది. సంవత్సరం సరిపోయింది, సైజు సరిపోయింది. నేనే ‘బెస్ట్’ అని రాసుకున్నాను కూడా. ఖాళీ సీడీ పెట్టాను. ఇక నొక్కడమే...

"ఆగు."

అందాలక్క నా భుజం మీదుగా స్క్రీన్ చూస్తోంది.

"చివర్ల ఏం రాసున్నది అది?"

"ఏంలేదక్క, చెత్త."

"చెత్త గాదు. చదువు."

"కె... ఇ... ఓ... జి."

ఆమె కుడిచేయి బల్ల మీద పెట్టింది. ఎడమచేయి పెట్టింది. కీబోర్డు లేదు అక్కడ, వట్టి చెక్క. కుడి నడివేలు కదిలింది. ఎడమ నడివేలు. కుడి ఉంగరంవేలు. ఎడమ చూపుడువేలు. మళ్లీ అదే వరుసలో ఇంకోసారి... నెమ్మదిగా.

"కాదు," అంది.

"ఏం కాదక్క?"

"అక్కడ రాసిందే గది. కాదు అని. ఇంగ్లిషు కె మీదనే మన క ఉంటది. ఇ మీద దీర్ఘం. ఓ మీద ద, జి మీద కొమ్ము. మా దగ్గర నేర్సుకునే పిల్లలు రోజూ చేసే తప్పే ఇది. భాష మార్చుడు మరిచి తెలుగు కొడ్తరు. తెర మీద గిట్ల వడ్తది."

చీటీని ఇంకోసారి చూశాను.

నాకు తెలుగు టైపింగ్ రాదు. నా పెద్ద డిస్కు షాపు దాటి బయటికి పోవడం ఆ రోజే మొదటిసారి. చీటీ ఫైలు తేదీ చూశాను. ఏళ్ల నాటిది. అంటే... ఈ రాత్రి నేను అడగబోయే ప్రశ్నకు ఎవరో ఎప్పుడో జవాబు రాసి పెట్టారా?

"మిగిలినయ్ తెరువు," అంది అక్క.

ఐదు. కాదు. ఆరు... కాదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది... నేను అక్షరాలు చదవడం, ఆమె వేళ్లు బల్ల మీద కదలడం. పదోది, కాదు.

అప్పుడు గమనించాను. మిషన్‌లో డిస్కు శబ్దం ఆగిపోయింది. మిషన్ ఆన్‌లోనే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. టిక్ లేదు. ఫ్యాను గాలి తప్ప ఇంకేమీ వినబడటం లేదు. ఆ గదిలో ఇంకెవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది నాకు. నిజం చెప్తున్నాను, వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు.

పదకొండోది తెరిచాను.

నా కీవర్డులు మొదట వచ్చాయి. ‘గీతలు పడ్డది’. ‘డౌటు’. ‘పనిచేయదు’. పనిచేయదని నేనే రాసుకున్నాను! దాని పక్కన... మూడే అక్షరాలు.

"పెద్ద ఎఫ్," అన్నాను.

కుడి చిటికెనవేలు షిఫ్ట్ ఉండే చోట నొక్కి పట్టింది. ఎడమ చూపుడువేలు కదిలింది. "ఇ..."

"ఓ."

"ద..."

"ఎస్."

ఎడమ ఉంగరంవేలు లేచింది. గాలిలోనే ఆగింది. ఆమె దాన్ని దించలేదు. నేను ఆమె వేలినే చూస్తున్నాను.

"ఇదే," అంది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సైజు ప్రకారం చూస్తే నాలుగోదే సరైనది. నా ఇరవై ఏళ్ల అనుభవం నాలుగోదే అంటోంది. నా సొంత చీటీ ఇది పనిచేయదంటోంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ఇదే అంటున్నారు.

"అక్కా, నా మాట విను. ఎవరు రాసిన్రో ఏమో. దీన్ని నమ్మి వేస్తే మొత్తం పోతది."

"నీ ‘బెస్ట్’ను నమ్మి వేస్తే పోదని రాసిస్తవా?"

రాసివ్వలేను. నిజంగా రాసివ్వలేను.

"నా పని ఇది. నా ఇరవై ఏండ్లు. పోతే నాయే పోతయ్. వెయ్యి."

పదకొండోదాన్ని సీడీలోకి ఎక్కించాను. మిషన్‌లో పెట్టాను. ఎంటర్ ఆమెనే కొట్టమన్నాను. కొట్టింది, ఒక్క క్షణం కూడా తడబడకుండా. నీలం తెర మీద అంకెలు కదిలాయి. పది శాతం. ముప్ఫై. అరవై దగ్గర ఆగింది... కదలదు. అందాలక్క నా మోచేయి గట్టిగా పట్టుకుంది. నేను మనసులో అన్ని దేవుళ్లనూ పిలిచాను, ఆ రాసినవాళ్లెవరో వాళ్లను కూడా పిలిచాను. అరవై ఒకటి. అరవై రెండు!

మిషన్ లేచింది. ఆమె ఫైలు తెరిచింది. మొదటి పేజీ, మొదటి మాట... ‘అంబటాళ్ల: అంబలి తాగే యాళ్ల’.

ఆమె పేజీలు తిప్పుతోంది. తిప్పుతూనే ఉంది. అన్నీ ఉన్నాయి, చివరి మాట దాకా, ఒక్క అక్షరం చెదరకుండా. అరవై ఏళ్ల మనిషి కుర్చీలోంచి లేచి అరిచింది చూడండి ఒక అరుపు! ఎదురు బిల్డింగ్ హాస్టల్లో పరీక్షలకు చదివే పిల్లలంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

"ఏమైందక్కా? రిజల్ట్ వచ్చిందా?"

"వచ్చిందిరా! పాసైన!"

ఏ పరీక్షో వాళ్లకు తెలియదు. ఏం పట్టించుకుంటారు! ఒకడు ఈల వేశాడు, మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టారు. గల్లీలో కుక్కలు లేచాయి. కింది వాటా ఆయన తిట్టుకుంటూ బయటికొచ్చి, సంగతి విని, టీ పెట్టించాడు. నేను ఆ టీ తాగుతూ మూడు చోట్లకు మూడు కాపీలు తీశాను. మూడో కాపీ పూర్తయ్యాక మిషన్‌లో డిస్కు మళ్లీ టిక్ అంది. ఒక్కసారే. ఆ తర్వాత ఇక ఎప్పుడూ తిరగలేదు.

అంత గర్వం నాకు నా పెళ్లి రోజున కూడా లేదు. పొద్దున్నే నారాయణగూడ చౌరస్తాలో బండి మీద పోతుంటే, ఆ దారంతా నాదే అనిపించింది.

తర్వాత అందరినీ అడిగాను. షాపులో పనిచేసి వెళ్లినవాళ్లను, పాత కస్టమర్లను. తెలుగు టైపింగ్ వచ్చినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. వేరే ఎవరో తమ మిషన్ కోసం పరీక్షించి రాసుకున్నారేమో అంటుంది మా ఆవిడ. అయి ఉండవచ్చు. కానీ నా షాపులో, నా డిస్కులో ఎందుకు రాస్తారు? ఆ కీవర్డులు ఇప్పటికీ ఉన్నాయి, వచ్చి చూడండి. తుడవాలని ఒకసారి డిలీట్ మీద వేలు పెట్టి, నొక్కకుండానే వెనక్కి తీసుకున్నాను.

మొన్న పుస్తకం ప్రెస్సుకు పోయేముందు అందాలక్క ఫోన్ చేసింది.

"థ్యాంక్సులల్ల నీ పేరు పెట్టిన యాదగిరీ. దాని కింద ఇంకొకరిది పెట్టాలె. ఎవరని రాయాలె?"

ఎంత ఆలోచించినా నాకు తోచలేదు. ప్రెస్సువాళ్లు కూడా అడిగారట, ఇక్కడ ఒక లైను ఖాళీ వచ్చింది, తప్పు పడిందా అని. తప్పు కాదు, ఉండనీయమన్నదట అక్క.

పుస్తకం వచ్చింది. నా పేరు అచ్చులో చూసుకుని పొంగిపోయాను, దాచుకోవడమెందుకు. దాని కింద ఆ ఖాళీ ఉంది... అక్కడ ఎవరి పేరు ఉండాలో నాకు ఇప్పటికీ తెలియదు.